బస్సు చెప్పిన ఊరు

నాకు చూపు ఒక్కసారిగా పోలేదు. పదో తరగతిలో నల్లబల్ల మీది అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మొదలైంది. డిగ్రీ చివరి పరీక్షల నాటికి నా పక్కన కూర్చుని జవాబులు రాసిపెట్టే మనిషి కావలసి వచ్చింది. ఇప్పుడు ఎండ ఉందో లేదో ముఖానికి తగిలే వేడిని బట్టే తెలుసుకుంటాను. జమ్మలమడుగులో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఉండేది ప్రొద్దుటూరులో, మా అక్కావాళ్లింట్లో. రోజూ బస్సులోనే పోయి వస్తాను. నా ఉద్యోగంలో పాఠం చెప్పడం ఎప్పుడూ కష్టం కాలేదు. బస్సెక్కడమే కష్టం.

బస్టాండులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సు చప్పుడుకూ "ఇది యాడికి పోతాదప్పా?" అని గాలిలోకి అడగాలి. ఎవరో ఒకరు చెబుతారు. చెప్పేవాళ్లు లేకపోతే బస్సు వెళ్లిపోతుంది. కొందరు అడగకుండానే నా రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయి తమకు తోచిన బస్సెక్కిస్తారు. మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఎవరిదో తెలియని చెయ్యి రోజూ వచ్చి రెక్క పట్టుకుంటుంటే ఎలా ఉంటుందో పట్టుకునేవాళ్లకు తెలియదు.

అందుకే మాట్లాడే బస్సుల సంగతి విన్నప్పుడు అందరికంటే ముందు నేనే ఒప్పుకున్నాను.

మా వైపు ఇంజనీరింగు చదివే కొందరు పిల్లలు, వాళ్లకు పాఠం చెప్పే ఒక మేడం కలిసి మొదలుపెట్టిన పని అది. బస్సు ముందు తలుపు పక్కన చిన్న స్పీకరు బిగిస్తారు. చూపు లేనివాళ్ల మెడలో అగ్గిపెట్టెంత పెట్టె వేలాడుతుంది. దాని మీద ఒకే ఒక్క మీట. నొక్కితే దగ్గర్లో ఉన్న బస్సు తాను ఏ ఊరు పోతుందో, ఏ దారిన పోతుందో పైకి చెబుతుంది. ఆ గొంతు వైపు నడిచి వెళ్తే తలుపు దొరుకుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బస్టాండుల్లో కొన్ని బస్సులకు పెట్టి చూద్దామన్నారు. వాడి చూసి మంచి చెడ్డ చెప్పేవాళ్లలో నేనొకదాన్ని.

మొదటిరోజు పొద్దున ప్రొద్దుటూరు బస్టాండులో మీట నొక్కాను. ఎడమవైపు నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "ఈ బస్సు జమ్మలమడుగు పోతుంది" అంది. మేడం దగ్గర చదివే పిల్లే ఒకతె ఆ మాటలన్నీ చదివి రికార్డు చేసిందట. తీయని గొంతు, ఎక్కడా తడబడదు. నేను కర్ర ఊపుకుంటూ ఆ గొంతు దగ్గరికి పోయి, కమ్మీ పట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా ఎక్కి కూర్చున్నాను. కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను. పక్కనున్నామె ఏదో కష్టంలో ఉన్నాననుకుని నీళ్ల సీసా ఇచ్చింది.

ఆ సంతోషంలో ఒక చిన్న సంగతిని నేను పెద్దగా పట్టించుకోలేదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో మీట నొక్కితే, ప్రొద్దుటూరుకు బయల్దేరబోతున్న బస్సు "ఈ బస్సు జమ్మలమడుగు పోతుంది" అంది. జమ్మలమడుగులోనే నిలబడి. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో మార్చాల్సిన మాటను ఎవరూ మార్చలేదు, అంతే. మేడంకు ఫోన్ చేసి చెబితే సరిచేయిస్తానన్నారు. కానీ ఆ పూట బస్సులో కూర్చున్నాక నాకు లోపల ఏదో బాగా అనిపించలేదు. ఆ గొంతు తప్పు చెప్పినప్పుడు కూడా నిజం చెప్పినంత తీయగానే చెప్పింది. మనిషైతే తెలియనప్పుడు కొంచెమైనా నసుగుతాడు.

ఇదే మాట పులివెందులలో ఉండే ఒక భాయ్‌తో అన్నాను. ఆయన కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తూ ప్రమాదంలో కళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చిన మనిషి. భార్యతో కలిసి బస్టాండు దగ్గర జ్యూస్ అంగడి నడుపుతాడు. నాలాగే పెట్టె మెడలో వేసుకున్నవాడు.

"నేను మీట నొక్కుతా, మళ్ల డ్రైవర్నీ అడుగుతా టీచరమ్మా" అన్నాడు నవ్వుతూ. "పెట్టెకు ఏం పోతాది? ఎక్కి పొయ్యేది మనం కదా."

అట్లా అడగడం ఇష్టం లేకే కదా ఈ పెట్టె వేసుకున్నది అన్నాను. 

చలికాలంలో ఒక ఆదివారం పులివెందులలో కొత్తగా పెట్టె తీసుకునేవాళ్లకు వాడకం నేర్పించమని మేడం నన్ను పంపారు. మధ్యాహ్నమంతా బస్టాండులో ఒక మూల కుర్చీలు వేసుకుని నేర్పించాను. ఫోన్లో రికార్డులు వినిపించి వినిపించి బ్యాటరీ అడుగంటింది. పని ముగిసేసరికి ఎండలో వేడి తగ్గింది. భాయ్ ఇచ్చిన బత్తాయి రసం తాగి, ఆయన భార్య బస్సెక్కిస్తానంటే వద్దని చెప్పి, ఒక్కదాన్నే బయల్దేరాను. అప్పుడే కదా నేను అందరికీ నేర్పించి వచ్చింది.

మీట నొక్కాను. రెండు బస్సులు పలకలేదు. మూడోది పలికింది. "ఈ బస్సు ప్రొద్దుటూరు పోతుంది, ముద్దనూరు మీదుగా."

ఎక్కాను. బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు టిక్కెట్టు లేని రోజులు కదా, అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. ముందు సీటులో ఎవరో లేచి నన్ను కూర్చోబెట్టారు. కండక్టరు గొంతు ఎక్కడో వెనక తలుపు దగ్గర వినబడుతోంది. బస్సు కదిలింది. నేను కర్ర మడిచి ఒళ్లో పెట్టుకుని తల వెనక్కి వాల్చాను.

ముద్దనూరు దారి చాలాసార్లు తిరిగినదే, నాకు ఒంటికి తెలుసు. ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ రోడ్డు నునుపుగా ఉంటుందో తెలుసు. ఆ రోజు కాసేపటికే గుంతల రోడ్డు మొదలైంది. రోడ్డు పనులు జరుగుతున్నాయేమో అనుకున్నాను. కిటికీలోంచి అరటితోటల తడి వాసన వచ్చింది, ఆపై ఎండుగడ్డి వాసన. ఒక్కొక్క పల్లె దగ్గరా పది మంది దిగుతున్నారు, ఎక్కేవాళ్లు లేరు. బస్సు ఖాళీ అవుతోంది. ప్రొద్దుటూరు పోయే బస్సు అంత తొందరగా ఖాళీ కాదు. అది తెలిసి కూడా నేను అడగలేదు. ఆ గొంతు ప్రొద్దుటూరు అంది కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. 

చివరికి కండక్టరు ముందుకు వచ్చాడు. "యాడికమ్మా?"

"ప్రొద్దుటూరు."

"ప్రొద్దుటూరా?" ఆయన గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ఇది ప్రొద్దుటూరు బస్సు కాదు గదమ్మా! పల్లెకు పోయి రాత్రికి ఆడనే నిలబడే బస్సు. నిన్నెవరు ఎక్కించినారు?"

"బస్సే చెప్పింది" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. డ్రైవరుకు అర్థమైంది. ఈ పూట వాళ్ల బస్సు చెడిపోయిందట. ప్రొద్దుటూరు లైనులో తిరిగే బండిని ఈ పల్లె లైనుకు ఇచ్చారు. పైన రాసిన ఊరి బోర్డు మార్చారు. తలుపు పక్కనున్న స్పీకరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"మా డిపో బండి ఇంకోటి ఎదురు వస్తా ఉంటాది, పులివెందులకు తిరిగి పొయ్యేది" అన్నాడు కండక్టరు. "ఈ క్రాసు కాడ దిగి ఆడనే నిలబడుకోండి. పది నిమిషాల్లో వస్తాది, ఎక్కిపోండి."

నాకు దిగాలని లేదు. పల్లెకే వస్తాను, ఎవరింట్లోనైనా ఉంటాను అనబోయాను. అప్పటికే డ్రైవరు బ్రేకు వేశాడు, కండక్టరు నా సంచి అందుకున్నాడు, వెనకనున్న ఇద్దరు ముగ్గురు "దిగమ్మా, బస్సొస్తాదిలే" అంటున్నారు. దిగాను. బస్సు వెళ్లిపోయింది. దాని చప్పుడు చాలాసేపు వినబడి, ఏదో మిట్ట దాటాక ఒక్కసారిగా తెగిపోయింది.

ఆ తర్వాత అక్కడ ఏమీ లేదు. షెడ్డు లేదు, అంగడి లేదు, మనిషి గొంతు లేదు. ముఖం మీద ఎండ తగలడం లేదు. గాలి ఒకవైపు నుంచే వస్తోంది, అటునుంచి అరటాకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. నేను ఏ ఊరి క్రాసులో ఉన్నానో అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

భాయ్‌కి ఫోన్ చేశాను. "యాడుండావు టీచరమ్మా? మా ఇంటామెను స్కూటీలో పంపిస్తా. ఊరు పేరు చెప్పు" అన్నాడు. తెలియదన్నాను. "కదలకుండా రోడ్డు పక్కనే..." అంటుండగా ఫోన్ ఆగిపోయింది.

బస్సు రాలేదు. ఒక ట్రాక్టరు వచ్చింది, పెద్దగా పాట పెట్టుకుని. చెయ్యెత్తి అరిచాను. నన్ను రాసుకుంటూ పోయినంత దగ్గరగా పోయింది, మట్టి ముఖాన పడింది. భయపడి రోడ్డు నుంచి వెనక్కి జరిగాను. అప్పుడు కుక్కలు వచ్చాయి. మొదట ఒకటి మొరిగింది. తర్వాత దానికి తోడు ఇంకో రెండు వైపుల నుంచి. ఊరకుక్కల మొరుగుడు నాకు అలవాటే. ఇవి మొరగడం మానేసి గుర్రుమంటూ దగ్గరికి వస్తున్నాయి. కర్ర చాచి నేల మీద కొట్టాను. అవి కొంచెం ఆగి మళ్లీ వచ్చాయి. నేను వాటికి ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడిచాను. కాలి కింద తారు పోయి మట్టి వచ్చింది, మట్టి పోయి గడ్డి వచ్చింది. నేల కిందికి వాలింది. అరటాకుల చప్పుడు వీపు వెనకే ఉంది. తోటలోకి పోతే కనీసం చెట్టుకు ఆనుకోవచ్చు అనుకుని ఆ వైపు తిరిగి కర్ర ముందుకు చాచాను.

"ఓ పాపా! కదలాకు! కదలాకు మ్మే, ఆడనే నిలబడు!"

ఆడమనిషి అరుపు. గొంతు పెద్ద వయసుది. కొంత దూరంలోనే గొర్రెల అడుగులూ గంటల చప్పుడూ వినబడ్డాయి. ఆమె కుక్కలను ఏదో తిడుతూ రాయి విసిరింది. అవి కుయ్యిమంటూ చెదిరిపోయాయి. నేను ఇంక భయం లేదనుకుని ఆమె వైపు అడుగు వేయబోయాను.

"కదలాకంటే ఇనపడల్యా? నీ ముందర కరెంటు తీగుండాది!"

కాలు గాలిలోనే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి పెట్టాను.

"ఆ చేతిలోది ఏంది? కట్టెనా, ఇనుమా?"

"అల్యూమినియం" అన్నాను. 

"పైకి ఎత్తు. తిన్నగా, మీదికి ఎత్తి పట్టుకో. కిందికి దించితే సచ్చిపోతావు."

కర్రను గుండెకు ఆనించి నిలువుగా పట్టుకున్నాను. ఆమె వస్తూ వస్తూ మాట్లాడుతూనే ఉంది, నన్ను నిలబెట్టడానికే అనుకుంటాను. అరటితోట చుట్టూ మోకాలెత్తున తీగ లాగి ఉందట. అడవిపందులు రాకుండా. చీకటి పడే వేళకు మోటారు పెట్టెలోంచి దానికి కరెంటు ఇస్తారు. ఈ పూట ఇచ్చారో లేదో ఆమెకు తెలియదు. "పోయిన నెల్లో నా గొర్రెపిల్లలు రెండు ఈడనే పడినాయి. నేను సూస్తాండగానే" అంది.

ఆ తీగ నుంచి ఏమైనా చప్పుడు వస్తుందేమోనని ఊపిరి బిగపట్టి విన్నాను. ఏమీ లేదు. నాకు ప్రపంచమంతా చప్పుడే. చప్పుడు చేయని వస్తువు నాకు లేనట్టే. అంత దగ్గరలో, నన్ను చంపగలిగేది ఒకటి, ఏ చప్పుడూ లేకుండా ఉంది.

ఒక గరుకు చెయ్యి వెనక నుంచి నా భుజం మీద పడింది. "నా మీదికి వాలు. అట్లనే ఎనక్కి రా" అంది. ఆమె ఒంటికి గొర్రె వాసన, పొగాకు వాసన. నన్ను రోడ్డు దాకా నడిపించి కూర్చోబెట్టింది.  ఆమె గట్టిగా ఊపిరి పీలుస్తోంది.

"కండ్లు లేని బిడ్డను ఈడ దింపిపోయినోళ్లు ఎవరమ్మా?" అంది కాసేపటికి. నేను జరిగింది చెప్పాను. "బస్సు మాట్లాడతాదా?" అని అడిగింది.

ఇంతలో మోటారు సైకిలు వచ్చి ఆగింది. తోట అతనే. ఆమె కూర్చున్నచోటి నుంచే అందుకుంది. "రా అప్పా, రా. ఈ పొద్దు గొర్రెపిల్ల కాదు, ఆడబిడ్డ పడేది నీ తీగెలో. టీచరంట."

అతను ఇంజను ఆపి బండి దిగాడు. తర్వాత, "ఇంకా కరెంటు పెట్టల్యా" అన్నాడు. "పెట్టడానికే వస్తాండా."

ఆ మాట నిజమో కాదో నాకు ఈ రోజుకూ తెలియదు.

పులివెందులలో దింపుతానన్నాడు. వేరే దారి లేదు. ఆమెకు గొర్రెలను వదిలి వచ్చే వీలు లేదు. చీకటి పడితే ఆ క్రాసుకు ఇంక ఏ బండీ రాదట. నేను లేవలేదు. నా భయం ఆమెకు అర్థమైంది. తన ఫోన్ నంబరు నాతో రెండుసార్లు పలికించింది. తర్వాత అతనితో, "ఈ పాప బస్టాండుకు చేరినాక నీ ఫోన్లోనే నాతో మాట్లాడల్ల. పాప గొంతే ఇనపడల్ల. లేదంటే నేను మీ ఇంటి ముందరికి వస్తా" అంది.

బండెక్కాను. పట్టుకోవడానికి వెనకనున్న ఇనుప కమ్మీ తప్ప ఏమీ పట్టుకోలేదు. బండి గుంతల్లో పోతోంది. ఎటు పోతోందో నాకు తెలిసే మార్గం లేదు. బస్సు వచ్చిన దారేనా? అరటి వాసన రావాలి కదా? రావడం లేదు. చలిగాలి చెవుల్లో హోరెత్తుతుంటే ఏ చప్పుడూ తెలియడం లేదు. 

కొంతదూరం పోయాక బండి నెమ్మదించింది. ఆగింది. ఇంజను కూడా ఆపేశాడు.

చుట్టూ నిశ్శబ్దం. కీచురాళ్లు కూడా లేవు. నేను కర్రను రెండు చేతులా పట్టుకున్నాను.

"టీచరమ్మా" అన్నాడు. "రాత్రయితే వస్తాయి పందులు. గుంపులు గుంపులు. గెలలేసిన చెట్లను దుంపతో సహా పెకిలించి పోతాయి. నేను రాత్రంతా కాపలా కాసి, డబ్బా కొట్టి, టపాకాయలు కాల్చి... ఏదీ పని చెయ్యల్యా. ఈ తీగ పెట్టినాకే కండ్లు మూసుకుని నిద్రపోతాండా."

అతను నా వైపు తిరిగాడు కాబోలు, గొంతు దగ్గరైంది.

"ఈ సంగతి ఎవరికీ చెప్పాకు. చెప్తే నన్ను లోపలేస్తారు. చెప్పనని ఒక మాట అను."

"ముందు బస్టాండుకు పోనీ అన్నా" అన్నాను.

"ఒక మాట అంటే ఏం పోతాది నీకు?"

అతని గొంతులో బెదిరింపు ఉందా, ఏడుపు ఉందా అని ఎన్నోసార్లు ఆలోచించాను. రెండూ ఉన్నాయేమో. ఊ అంటే అయిపోయేది. అబద్ధమైనా ఊ అని ఉండవచ్చు. కానీ ఆ క్షణంలో అనలేకపోయాను. నా కాలు గాలిలో ఆగిన చోటే నా ఆలోచన ఇంకా ఆగి ఉంది. "ఆమె నా గొంతు కోసం ఎదురుచూస్తుంటుంది కదన్నా" అని మాత్రం అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు.

చాలాసేపటికి ఇంజను మళ్లీ మోగింది.

పులివెందుల బస్టాండు చప్పుడు దూరం నుంచే వినబడింది. భాయ్ భార్య స్కూటీ మీద రెండు దారుల్లో వెతికి అప్పుడే తిరిగొచ్చిందట. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. తోట అతను ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. "చేరినా పెద్దమ్మా" అన్నాను. అవతల గొర్రెల అరుపులు, ఆమె నిట్టూర్పు. ఫోన్ తీసుకుని అతను వెళ్లిపోయాడు. ఆ రాత్రి భాయ్ ఇంట్లోనే పడుకున్నాను.

తర్వాతి వారం మేడం అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించారు. స్పీకరు తప్పు చెప్పడం గురించి పిల్లలు చాలా బాధపడ్డారు. ఆ గొంతు ఇచ్చిన అమ్మాయి ఏడ్చింది. నువ్వేం చేశావమ్మా, చదవమన్నది చదివావు అన్నాను. ఇకమీదట డ్రైవరు బస్సు తీసేముందు ఏ ఊరో తన చేత్తో ఎంచుకుంటేనే స్పీకరు పలికేలా, ఎంచుకోకపోతే "ఎక్కడికి పోతుందో తెలియదు, అడగండి" అనేలా మార్చారు. ఆ చివరి మాట పెట్టించింది భాయే. అది ఇప్పటికీ బాగా పనిచేస్తోంది.

తీగ సంగతి కూడా చెప్పాను. ఒకాయన, "అది మన ప్రాజెక్టు పరిధిలోకి రాదు కదమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మేడం మాత్రం పెద్దమ్మ నంబరు అడిగి, ఆ క్రాసు పేరు కనుక్కున్నారు. మర్నాడు కరెంటు వాళ్లకు ఫిర్యాదు చేసింది మేమిద్దరం కలిసే. లైన్‌మెన్లు పోయి తీగ తీసేశారు. అతనిపై కేసు పెట్టలేదు, హెచ్చరించి వదిలారు. కొన్ని రోజులకు పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"తీసేసినారు పాపా. మంచిదే. ఆయప్ప ఇంక నన్ను ఆ పక్కకు మేపుకోను రానియ్యడంల్యా. నేనే చెప్పించినానంటాండు. వంక అవతలికి తోలుకుపోతాండా."

నేనే చెప్పానని అతనికి చెప్పనా అన్నాను. వద్దంది. ఆ వాగు అవతల ఎలా ఉందని అడిగితే, "ఆడా తోటలే గదా" అంది. ఆ తోటల చుట్టూ తీగలున్నాయో లేదో ఆమెకూ తెలియదు.

మేడంకు చెప్పాను. అప్పుడు ఆ పిల్లలు ఇంకొకటి తయారుచేశారు. కరెంటు పారే తీగ మూరెడు దూరంలో ఉంటే కూత పెట్టే చిన్న పరికరం. మొదట నా కర్రకే బిగించారు. కాలేజీ ల్యాబులో, స్కూల్లో స్విచ్చుబోర్డుల దగ్గర పరీక్షించాను. గోడలోపల తీగ పోయేచోటల్లా అది సన్నగా కూస్తుంటే, ఇన్నేళ్లూ ఇంత చేరువలో తిరిగానా అనిపించేది. పెద్దమ్మకు కూడా ఒకటి చేయమన్నాను. ఆమెకు చూపు ఉంది కదా అన్నారు పిల్లలు. మునిమాపు వేళ ఆ తీగ కళ్లున్నవాళ్లకూ కనబడదు అన్నాను.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం మేడం కారులో ఆ క్రాసుకు పోయాం. పెద్దమ్మ గొర్రెలతో రోడ్డు పక్కనే నిలబడి ఉంది. మేడం ఆమె చేతికర్రకు పరికరం కట్టి, ఎలా వాడాలో చూపించారు. ఆమెకు అదంతా వేడుకగా ఉంది. "ఇది కూస్తే పందులు పారిపోతాయా?" అని నవ్వింది. ముందు అరటితోట గట్టు వెంట నడిచాం. పరికరం ఏమీ అనలేదు. తీగ నిజంగానే లేదు. నా ఒళ్లు కొంచెం తేలికపడింది.

"రాండి, వంక కాడికి పోదాం. గొర్లకు నీళ్లు తాపల్ల" అంది. ఆమె ముందు, గొర్రెలు వెనక, మేమిద్దరం ఆఖరున. కాలిబాట కిందికి దిగుతోంది. ఇసుక తగిలింది. నీళ్ల వాసన వచ్చింది.

అప్పుడు కూసింది.

గొర్రెల గంటలు ఆగాయి.  పెద్దమ్మ కర్ర పక్కకు జరిపినట్టుంది, కూత ఆగింది. మళ్లీ జరిపింది, కూసింది. ఇంకో వైపు పెట్టింది, అటూ కూసింది.

"మేడం, ఏమైనా కనబడుతోందా?" అన్నాను.

"గడ్డి" అన్నారు మేడం. కాసేపు వంగి చూసినట్టున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఉంది. రెండు పక్కలా ఉంది. సన్నగా, గడ్డిలో కలిసిపోయి. మధ్యలో బాట మాత్రం వదిలారు" అన్నారు.

"నిన్న కూడా ఈడనే దిగినా" అంది పెద్దమ్మ. "మొన్న కూడా. రోజూ. నా మనవరాలు నాతోపాటే వస్తాది సెలవుల్లో."

ఆమె గొర్రెలను అదిలించి ఒకచోట చేర్చి, వాటి ముందర నిలబడింది. మేడం లైన్‌మెన్లకు ఫోన్ చేశారు. వాళ్లు వచ్చేదాకా ఎవరమూ అక్కడినుంచి కదలలేదు. దాహంతో గొర్రెలు నీళ్ల వైపు నెట్టుకొస్తుంటే పెద్దమ్మ కర్ర అడ్డం పెట్టి ఆపుతోంది. ఆపినప్పుడల్లా ఆ కర్ర అటో ఇటో వంగుతోంది, వంగినప్పుడల్లా కూస్తోంది. నేను చెవులు మూసుకోలేదు. ఆ కూత ఏ వైపు ఎంత దూరం నుంచి వస్తోందో వింటూ, నా పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని నిలబడ్డాను.

ఆ తీగ కూడా తీసేశారు. అది ఎవరిదో నేను రాయను. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసే మరికొందరి కర్రలకూ ఆ పరికరాలు ఉన్నాయి. నేను మాట్లాడే బస్సులోనే జమ్మలమడుగు పోయి వస్తున్నాను. మీట నొక్కుతాను, డ్రైవర్నీ అడుగుతాను. సాయంత్రం ఇంటికి చేరాక పెద్దమ్మకు ఫోన్ చేస్తాను. కొన్ని రోజులు, "ఈ పొద్దు యాడా కూయల్యా పాపా" అంటుంది. కొన్ని రోజులు ఏదో ఒక పొలం పేరు చెబుతుంది. ఆమె ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే, అక్క పెట్టిన కాఫీ చల్లారిపోయినా నేను ముట్టుకోను.